టూలీ ఎల్కు కథ
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో పలువురు పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లివస్తున్నారు. ఈసారి వెళ్లేవారు శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన, సముద్రతీరంలో ఉన్న పాయింట్ రేయిస్ కూడా చూడాలని నా మనవి. మా అబ్బాయి తీసుకెళ్లగా నేను టూలీ ఎల్కును చూసింది అక్కడే.

ఇది మన కణితిని పోలిన పెద్ద దుప్పి. మగవాటి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. జతకట్టే కాలంలో అవి ఈల వేసినట్టు అరుస్తాయి. అమెరికా ఎల్కులలో ఇదే చిన్నది. కాలిఫోర్నియాలో తప్ప మరెక్కడా సహజంగా లేదు. టూలీ అంటే చిత్తడి నేలల్లో పెరిగే ఒకరకం తుంగ.

ఒకప్పుడు ఇవి సుమారు 5 లక్షలు ఉండేవని అంచనా. 1849లో బంగారం కోసం జనం ఎగబడ్డారు. మాంసం కోసం వేటాడారు. చిత్తడి నేలలను ఎండగట్టి పొలాలు చేశారు. పాతికేళ్లు తిరిగేసరికి జాతి అంతరించిందనే అనుకున్నారు. 1874లో హెన్రీ మిల్లర్ అనే పశుసంపన్నుడి భూముల్లో, బటన్‌విల్లో దగ్గర తుంగలో గుప్పెడు మిగిలి కనిపించాయి. వాటి జోలికి ఎవరూ పోరాదని ఆయన ఉత్తరువు చేశాడు. నేటి ఎల్కులన్నీ ఆ గుప్పెడు సంతానమే.

మంద పెరిగి పంటల మీద పడితే వేరే చోట్లకు తరలించారు. బ్యూలా ఎడ్మిస్టన్, మరికొందరు పట్టుబట్టి ఏళ్ల తరబడి ఉద్యమించారు. సంఖ్య 2,000కు చేరేదాకా వేట కూడదని 1971లో రాష్ట్రం చట్టం చేసింది. ఇప్పుడు 20కి పైగా మందల్లో 5,000 దాటాయి.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 1978లో పాయింట్ రేయిస్‌కు తెచ్చిన వాటిని టొమాలెస్ పాయింట్ వద్ద కంచె లోపల ఉంచారు. కరువొస్తే మేతకూ నీటికీ బయటికి పోయే దారి లేదు. 2012లో 540 ఉన్న ఆ మంద 2014 నాటికి 286కు తగ్గింది. కంచె దాటితే పశువుల పెంపకందార్లకు ఇబ్బంది. వారి బాధా కొట్టిపారేయలేనిదే. చివరికి 2024 డిసెంబరులో కంచె తీసేయాలని పార్కు అధికారులు నిర్ణయించారు.

ప్రాణం నిలబెట్టడం సగం పనే. తిరగడానికి చోటివ్వడం మిగతా సగం. మన అడవుల్లోని కణితులకూ, దుప్పులకూ ఇదే వర్తిస్తుంది. ఈ మాట మీ మనవలకు చెప్పండి.