అన్నదానానికి ఎంతమందికి వండాలి?



మన రాజపాళయం ఉన్న విరుదునగర్ జిల్లాకు అన్నం పెట్టడంలో పేరుంది. విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. 1982లో ఎం.జి.ఆర్. దాన్ని సత్తుణవు పథకంగా పెంచారు. బడిలో హాజరు పట్టీ ఉంటుంది, ఎంతమందికి వండాలో పొద్దున్నే తెలుస్తుంది. అన్నదానానికి పట్టీ లేదు. తలుపు తెరిచి ఉంటుంది, ఎవరైనా వస్తారు. మరి ఎసట్లో ఎంత బియ్యం పొయ్యాలి?

"సగటున 100 మంది వస్తారు, 100 మందికి వండితే చాలు" అంటాం. అలా వండితే ఇంచుమించు సగం రోజులు అన్నం చాలదు. సగటుతో పాటు రోజురోజుకూ ఉండే హెచ్చుతగ్గు కూడా చూడాలి. ఎంతమంది రావడానికి ఎంత అవకాశం ఉందో చెప్పే లెక్కను సంభావ్యతా విభాజనం అంటారు.

ఫ్రాన్సు గణితవేత్త పాయిజాన్ 1837లో రాసిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. ఎవరికి వారుగా వచ్చేవాళ్ల సగటు 100 అయితే, హెచ్చుతగ్గు దాని వర్గమూలం, అంటే 10. అప్పుడు 113 మందికి వండితే పదిలో తొమ్మిది రోజులు చాలుతుంది. కానీ మనవాళ్లు ఒంటరిగా వస్తారా? ఇంటిల్లిపాదీ కలిసి వస్తారు. నలుగురేసి వచ్చారనుకోండి, సగటు అదే అయినా హెచ్చుతగ్గు 20 అవుతుంది. సుమారు 126 మందికి వండాలి.

పదిలో తొమ్మిదే ఎందుకంటారా? ఒక మనిషి ఆకలితో తిరిగిపోవడం, ఒక భోజనం మిగిలిపోవడం కన్నా తొమ్మిది రెట్లు చెడ్డదని మనం అనుకుంటే లెక్క అక్కడికి తేలుతుంది. ఎన్ని రెట్లన్నది గణితం చెప్పదు, మనమే కూర్చుని తేల్చుకోవాలి. మిగులుతుందని భయముంటే మొదట 100 మందికి వండి, రెండో గిన్నెకు ఎసరు సిద్ధంగా ఉంచండి. మొదటి బంతి లేచేసరికి జనం తీరు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. 100 మందికి వండిన రోజున పుస్తకంలో 100 అని రాస్తాం. పదిహేను మంది తిరిగిపోయి ఉంటే వాళ్లు ఆ పుస్తకంలో ఉండరు. నూలు అందక మగ్గం మధ్యాహ్నమే ఆగిన రోజున, దిగిన బట్ట చూసి "ఈ నేతగాడి చేతనైంది ఇంతే" అంటే ఒప్పుకుంటామా? ఇదీ అంతే. తిరిగిపోయినవాళ్లను రాయకపోతే సగటు తక్కువగా కనిపిస్తుంది, మళ్లీ తక్కువే వండుతాం, మళ్లీ కొందరు తిరిగిపోతారు.

అందుకని అన్నదానం చేసే ప్రతి సంఘాన్నీ కోరేదొకటే. రోజూ నాలుగు గడులు రాయండి: తేదీ, తిన్నవాళ్లు, అన్నం అయిపోయిన గంట, ఆ తర్వాత వచ్చినవాళ్లు. పండగ రోజులు, కూలి ఇచ్చే రోజులు, మామూలు రోజులు విడివిడిగా పెట్టండి. మూడు నెలలు రాస్తే చదువుకునే మన పిల్లలే లెక్క కట్టి ఇస్తారు.