గోధుమ పడనివారికి మన చిరుధాన్యములు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



గత సంవత్సరము ఒక గ్రామములో కొర్రలు పండించు రైతులు నన్ను ఒక ప్రశ్న అడిగినారు. "అయ్యా, మేము పంపిన కొర్రపిండిని కొన్నవారు తిప్పి పంపినారు. అందులో రాయి లేదు, పురుగు లేదు. గోధుమ తగిలినదట! గోధుమ ఏమైనా విషమా?" ఆ ప్రశ్నకే నేడు సమాధానము చెప్పదలచినాను.

గోధుమ విషము కాదు. చాలమందికి మంచి ఆహారమే. కాని కొందరికి పడదు. గోధుమపిండి ముద్దను నీటిలో పిసుకుచు కడిగినచో తెల్లని పిండి అంతయు కొట్టుకొనిపోయి, చేతిలో జిగటగా సాగు ముద్ద మిగులును. అదియే గ్లూటెన్ అను మాంసకృత్తు. రొట్టె పొంగుటకు అదియే కారణము. బార్లీ, రై ధాన్యములలో కూడ ఇటువంటివి కలవు.

సీలియాక్ వ్యాధి గలవారు గ్లూటెన్ తినినచో శరీర రక్షణశక్తి పొరపడి తన చిన్నప్రేగునే దెబ్బతీయును. ఆహారసారమును పీల్చుకొను ప్రేగు లోపలిపొర అణగిపోవును. వేరు చెడిన మొక్కకు ఎంత ఎరువు వేసినను అందనట్లే, ఆ బిడ్డకు ఎంత పెట్టినను ఒంటబట్టదు. విరేచనములు, కడుపుబ్బరము, రక్తహీనత, ఎదుగుదల లేకపోవుట దీని లక్షణములు. నులిపురుగులని భ్రమపడి ఏండ్లు గడుపువారును కలరు. ఇది అంటువ్యాధి కాదు. వంశములో వచ్చు స్వభావము. దీనికి చికిత్స ఒక్కటే: జీవితాంతము గ్లూటెన్ లేని ఆహారము.

ఈ సంగతి తేల్చినవాడు హాలెండు దేశపు పిల్లల వైద్యుడు డికే. గోధుమపై ఆయనకు యుద్ధమునకు ముందునుండియే అనుమానము ఉండెను. 1944-45 చలికాలపు కరవులో ఆ దేశమున రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బు పిల్లలు కోలుకొనిరి. రొట్టె తిరిగి రాగానే మరల జబ్బుపడిరి. 1950లో ఆయన తన పరిశోధనను గ్రంథరూపమున వెలువరించెను.

ఇది మన ఊరి సంగతి కాదని అనుకొనరాదు. 2016లో ప్రచురితమైన అధ్యయనము ప్రకారము, ఈ వ్యాధికి వీలు కల్పించు వంశలక్షణము ఉత్తర భారతములోను, దక్షిణ భారతములోను దాదాపు సమానముగ, మూడవ వంతుకు పైగా జనములో కలదు. అయినను వ్యాధి ఉత్తరమున వందకు ఒకరికి సమీపముగ ఉండగా, దక్షిణమున అత్యల్పము. మనము అన్నము తినువారము కావుటయే ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకుల అభిప్రాయము. ఇప్పుడు మన ఇండ్లలోను రాత్రిపూట చపాతీ వచ్చినది. కనుక పై లక్షణములు విడువక కనిపించినచో వైద్యునివద్ద రక్తపరీక్ష చేయించవలెను. పరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానినచో జబ్బు పరీక్షకు అందకపోవచ్చును. జబ్బు లేనివారు గోధుమ మానవలసిన పని లేదు.

ఇక రైతు సంగతి. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, మొక్కజొన్న, పప్పుధాన్యములు—వీనిలో ఆ హానికర గ్లూటెన్ లేదు. ఈ రోగులకు మన పంటే పథ్యము. కాని "గ్లూటెన్ లేనిది" అని అమ్మవలెనన్న, కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని నియమము. లెక్క చూడండి: గోధుమలో సుమారు పదవ వంతు గ్లూటెన్. క్వింటాలు కొర్రలలో పాతిక గ్రాముల గోధుమ, అనగా పిడికెడు కూడ కాదు, కలిసినను హద్దు దాటును!

కనుక ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. గోధుమ వేసిన చేనిలో తరువాత చిరుధాన్యము వేసినచో, తానుగా మొలచిన గోధుమ మొక్కలను కోతకు ముందే పీకివేయవలెను.

2. అద్దె నూర్పిడి యంత్రమును శుభ్రపరచి, మొదట వచ్చిన గింజలను వేరుగా ఉంచవలెను.

3. గోధుమ, మైదా వచ్చిన గోనెసంచులు వాడరాదు. కొత్తవే కొనవలెను.

4. గోధుమ ఆడిన పిండిమరలో ఆడించరాదు. ఎంత తుడిచినను మరలో పిండి నిలిచియుండును. సంఘముగ చేరి ప్రత్యేకముగ ఒక మర పెట్టుకొనుట మేలు.

5. ఇంట రోగి ఉన్నచో చపాతీ పీట, జల్లెడ వేరుగా ఉంచవలెను. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు. చీటీ చదివి కొనవలెను.

ఆ గ్రామపు రైతుల కొర్రలలో దోషము లేదు. విచారించగా, వారి ధాన్యము ఆడించుటకు ముందు అదే మరలో గోధుమ ఆడించినట్లు తెలిసినది. సంవత్సరపు కష్టము ఒక పూట అజాగ్రత్తవలన తిరిగివచ్చినది. అయినను ఆ పిండి ఏ బిడ్డ కంచములోనికిని పోకుండ పరీక్షలో పట్టుబడుట మేలే అయినది. ఈ ఏట కళ్ళము సిద్ధము చేయకముందే మీ సంఘములో ఈ విషయము చర్చించుకొనవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.