ఫైబరు పడవ డెక్కు మెత్తబడితే



గోపాలపురం, ఆర్యపల్లి, ఋషికుల్య ముఖద్వారం వైపు వేటకు వెళ్లే సోదరులకూ, వారి ఇళ్లలో చదువుకునే పిల్లలకూ ఈ నాలుగు మాటలు. ఫైబరు పడవ డెక్కు మీద నడుస్తుంటే ఒక్కోచోట కాలి కింద మెత్తగా కుంగినట్టు తగులుతుంది. "ఏముందిలే, పైన ఇంకో పొర అతికిస్తే సరి" అనుకుంటాం. నిజానికి ఆ పొర వల్లే లోపలి జబ్బు ముదురుతుంది.

మన తాతల నాటి మసూలా పడవకు మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరి పీచుతాడుతో కుట్టేవారు. పలక పుచ్చితే కంటికి కనిపించేది, కుట్టు విప్పి మార్చేవారు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఇసుక ఒడ్డుకు నేరుగా ఎక్కే ఇంజను పడవల నమూనాలను ఈ తూర్పుతీరం కోసం చేయించి చూసింది. ఆ తరువాతి ఏళ్లలో ఫైబరు పడవ మన ఒడ్డున కూడా మామూలైపోయింది. ఫైబరు పుచ్చదు, ఆ మాట నిజమే. కాని చాలా పడవల్లో డెక్కు ఒట్టి ఫైబరు కాదు. పైన ఒక పొర, కింద ఒక పొర, నడుమ ప్లైవుడ్డో నురుగు పలకో ఉంటుంది. ఈ మూడూ ఒకదానికొకటి గట్టిగా అంటుకున్నంత కాలమే దానికి బలం. అట్ట పుస్తకం వానలో తడిస్తే అట్ట పొరలు పొరలుగా విడిపోదూ? ఇదీ అంతే. వల లాగుతూ మనిషి తన బరువంతా అక్కడే మోపాడనుకోండి, కింద ఉన్నది పుచ్చిన చెక్క.

ముందు జబ్బు ఎంతవరకు పాకిందో చూడండి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే స్క్రూడ్రైవరు పిడితో డెక్కంతా కొట్టుకుంటూ పోండి. మంచి చోట టక్కుమంటుంది, పాడైన చోట డొల్లగా పలుకుతుంది. ఆ మేర సుద్దముక్కతో గీత గీయండి. గీత పొడవునా పై పొరకు మాత్రమే సన్నటి రంధ్రాలు వేయండి. పొడి రంపపు పొట్టు వస్తే మంచిదే. నల్లటి తడి ముద్ద వస్తే గీతను ఇంకా జరపాలి.

ఆ తరువాత పై పొర కోసి తీసి, పుచ్చిన చెక్కంతా గీకి పారేయాలి. ఉప్పు తేమను లాగుతుంది కాబట్టి మంచినీళ్లతో కడిగి, కొన్ని రోజులు బాగా ఎండనివ్వండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు 61 రోజుల వేట నిషేధం. ఈ పనికి అంతకన్న మంచి అదను దొరకదు. కొత్త ప్లైవుడ్డు అంచులకు రెజిన్ పట్టించి, కింద రెజిన్ ముద్ద పరిచి, పైన ఇసుక బస్తాలు పెట్టి అదమండి. పాత పొర అంచును ఏటవాలుగా అరగదీయాలి. పొర మందం 3 మిల్లీమీటర్లయితే వాలు 36 దాకా ఉండాలి. ఆ వాలు మీదే కొత్త మ్యాట్ పట్టు నిలుస్తుంది. తొందరపడేవాళ్లు ఎగ్గొట్టేదీ ఈ పనినే. అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి.

ఇక మందుల సంగతి. మన ఇళ్లలో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదువుతాం. డబ్బా మీది హెచ్చరిక మాత్రం సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. అందుకని కాస్త శ్రద్ధగా వినండి. పాలియెస్టరు రెజిన్‌ను గట్టిపరిచే క్యాటలిస్టు కిలోకు 10 నుంచి 20 గ్రాములు చాలు. మన వేసవిలో తక్కువ వైపే ఉండండి. కోబాల్టు యాక్సిలరేటరు వేరుగా వాడుతుంటే, దానిని ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్టు పోయాలి. ఆ రెండింటినీ నేరుగా కలిపితే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. క్యాటలిస్టు చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. తాగే నీళ్ల సీసాలో ఎన్నడూ పోయకండి. కంట్లో చుక్క పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే మంచినీళ్లతో పదిహేను నిమిషాలకు తగ్గకుండా కడిగి, తిన్నగా బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికి తీసుకువెళ్లండి. డబ్బా పట్టుకోమని బడి పిల్లలను పిలవకండి. సెలవుల్లో వాళ్లు తండ్రుల వెంటే తిరుగుతారని టీచర్లకు తెలియనిది కాదు.

చివరగా, నీరు ఎక్కడి నుంచి దిగిందో కనిపెట్టాలి. చాలాసార్లు అది బోల్టు బిగించిన రంధ్రమే. ఆ రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, లోపల చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక నడిమధ్యన మళ్లీ రంధ్రం వేయండి. అప్పుడు బోల్టు చుట్టూ ఎపాక్సీయే ఉంటుంది, నీరు కారినా చెక్కకు తగలదు. ఎపాక్సీ ఖరీదు ఎక్కువే. కాని ఒక్కో రంధ్రానికి పట్టేది కొంచెమే.