దుబాసీ దొరకని స్కానరు

"కంప్యూటర్ల గురించి చెప్పండి, కానీ మా అత్తగారికి కూడా అర్థం కావాలి" అని షరతు పెట్టారు ఈ కార్యక్రమం నడిపే అక్కయ్యగారు. పదేళ్ళకు పైగా ఇక్కడ కన్సల్టింగ్ చేస్తున్నాను కానీ ఇంత గట్టి స్పెసిఫికేషన్ ఏ క్లయింటూ ఇవ్వలేదు. అందుకని పెద్ద విషయాల జోలికి పోకుండా మా ఇంటి గొడవ ఒకటి చెబుతాను.

మా నాన్నగారు కాకినాడలో ఉంటారు. డెబ్భైలలో ఆయన భిలాయిలో ఉద్యోగం చేసేటప్పుడు మా నాయనమ్మ వారం వారం రాసిన ఇన్‌లాండు ఉత్తరాలన్నీ ఓ ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. నాయనమ్మని నేను చూడలేదు. నాకు తెలిసిన నాయనమ్మ అంతా ఆ ఉత్తరాల్లోనే ఉంది. ఇప్పుడు సిరా పాలిపోతోంది, మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. నేను ఇంటర్లో ఉండగా, 2006లో కొన్న స్కానరు మీద ఆయన తీరికగా రోజుకి రెండో మూడో స్కాన్ చేసుకుంటూ వచ్చారు. సగం అయ్యాయి. 2025 వేసవిలో పాత కంప్యూటరు మదర్‌బోర్డు కాలిపోయింది. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. స్కానరు తగిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక్కడ న్యూజెర్సీలో మాకు అర్ధరాత్రి. ఫోనులో నాన్నగారు.

"ఒరే, కోడ్ 28 అంటోందిరా. అంటే ఏమిటి?"

"డ్రైవర్ లేడని, నాన్నగారూ."

"మరి ఇన్నేళ్ళూ తోలింది ఎవడ్రా?"

న్యాయమైన ప్రశ్నే. నిజానికి ఈ డ్రైవర్ తోలేవాడు కాదండీ, దుబాసీ. కుంఫిణీ రోజుల్లో మద్రాసులో దొరకి మన మాట రాదు, మన వర్తకుడికి దొర మాట రాదు, మధ్యలో దుబాసీ ఉండేవాడు. అలాగే స్కానరుది ఒక భాష, విండోస్‌ది ఇంకో భాష. ఆ మధ్యవాణ్ణి మామూలుగా స్కానరు చేసిన కంపెనీయే పంపాలి. మా స్కానరుతో వచ్చినవాడు ఎక్స్‌పీ నాటివాడు, 32 బిట్ల మనిషి. విండోస్ 11లో 32 బిట్ల వెర్షనే లేదు. 64 బిట్ల విండోస్ 32 బిట్ల డ్రైవర్ని గడప దాటనివ్వదు. కంపెనీ కొత్తవాణ్ణి పంపచ్చు, కానీ అమ్మేసి దాదాపు ఇరవయ్యేళ్ళయ్యాక ఎందుకు పంపుతుంది? లోపల దీపం, మోటారు, అద్దం అన్నీ లక్షణంగా ఉన్నాయి. మాట్లాడిపెట్టేవాడు లేక మూగదైపోయింది, అంతే.

అన్నట్టు, ఇలాంటప్పుడు గూగుల్‌లో వెతికితే "ఉచిత డ్రైవర్లు" అంటూ బోలెడు సైట్లు కనిపిస్తాయి. నాన్నగారు ఒకదాని మీద నొక్కబోతుంటే ఫోనులోనే కేక పెట్టాను. వాటిలో చాలావాటితో దొంగ సరుకు వస్తుంది. విండోస్ డ్రైవరు కంపెనీ సొంత సైటులో లేకపోతే లేదనే అనుకోండి.

ఫోనుతో ఫొటోలు తీయచ్చుగా అంటారేమో. తీశాం. మడతల నీడలు పడ్డాయి, అంచుల్లో పెన్సిలుతో రాసినవి రాలేదు.

2025 డిసెంబరులో ఇండియా వెళ్ళాను. మొదట మా అక్క మాక్‌బుక్ మీద ప్రయత్నించాం. మాక్ సుఖమైనదే. యంత్రమూ సిస్టమూ ఒకే కంపెనీవి కాబట్టి ఇంటి సరుకుతో పేచీ తక్కువ. బయటివాళ్ళ పాత సరుకు దగ్గరే చిక్కు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మాక్‌లో 32 బిట్ల ప్రోగ్రాములు నడవవు. మా స్కానరు ప్రోగ్రామూ ఆ బాపతే. అక్క మాక్‌బుక్ సంచీలో పెట్టుకుని హైదరాబాదు వెళ్ళిపోయింది.

చివరికి ఉబుంటు లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ డిస్కు ముట్టుకోకుండా దాంతోనే బూట్ చేశాను. స్కానరు తగిలించాను. సీడీ అడగలేదు, డ్రైవర్ అడగలేదు. బటన్ నొక్కగానే దీపం వెలిగి ఆ పాత గరగర చప్పుడు మొదలైంది. నాన్నగారు పేపరు పక్కన పడేసి లేచొచ్చారు.

నేను "చూశారా" అని గొప్పలు పోయేలోగానే "ఇది అక్కకి పంపించు" అన్నారు. పంపలేకపోయాను. వైఫై లేదు! ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్ మరీ కొత్తది, దానికి ఆ ఉబుంటులో దుబాసీ ఇంకా రాలేదు.

అదీ విచిత్రం. విండోస్‌లో కొత్త సరుకు కొన్న రోజే పనిచేస్తుంది, ముసలిదయ్యాక అనాథ అవుతుంది. లినక్స్‌లో తరచు కొత్తదానికి ఆలస్యం, పాతదానికి ఆదరణ. సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంటుంది కనుక 64 బిట్లు వచ్చినప్పుడు ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ కంపైల్ చేసేశారు. స్కానర్ల కోసం సేన్ అనే ప్రాజెక్టువాళ్ళు ఈ పనే చేస్తుంటారు. అసలు ఈ కథ మొదలైంది కూడా ఒక ప్రింటరుతోనే. 1980 ప్రాంతంలో ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్‌మన్, కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా కొత్త లేజరు ప్రింటరుని మారుద్దామనుకుంటే సోర్సు ఇవ్వలేదు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ కడుపుమంట కూడా ఉంది.

మరి నాన్నగారిని లినక్స్‌కి మార్చేశావా అని మా ఆఫీసు కుర్రాళ్ళు అడిగారు. లేదండీ. విండోస్‌లో ఏ బొమ్మ ఎక్కడుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. మా ఇంజనీర్లకి వాడకంలో తేలిక అంటే అందమైన మెనూలు. ఆయనకి తేలిక అంటే నిన్న ఉన్నచోటే ఇవాళా ఉండడం. అందుకని ల్యాప్‌టాప్ ముందు పెన్‌డ్రైవ్ వైపు చూసేలా అమర్చి, ఆ పెన్‌డ్రైవ్‌కి ఎర్రదారం కట్టి ఇచ్చాను. ఎర్రదారం పెట్టి ఆన్ చేస్తే స్కానరు, తీసి ఆన్ చేస్తే మామూలు విండోస్. స్కాన్ చేసినవి దాచడానికి ఇంకో పెన్‌డ్రైవ్.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది కదా, మీలోనూ చాలామంది ఊళ్ళో పెద్దవాళ్ళకి కంప్యూటర్లు మారుస్తుంటారు. పాతదాన్ని వెంటనే పారేయకండి. దానికి తగిలించినవన్నీ కొత్తదానికి తగిలించి చూశాకే పంపించండి. కొత్త ప్రింటరు కొంటే పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ గానీ మోప్రియా గానీ ఉందేమో చూడండి. అవి అందరికీ తెలిసిన ఉమ్మడి భాష మాట్లాడతాయి, కంపెనీ దుబాసీ కోసం కాచుకోనక్కర్లేదు.

మొన్న నాన్నగారి ఫోను. భిలాయికి పంపిన ఆవకాయ జాడీ మూతగుడ్డ ఎలా విప్పాలో నాయనమ్మ పేజీన్నర రాసిన ఉత్తరం స్కాన్ చేశారట. చదివి వినిపించి, "ఇంకా నలభై ఉన్నాయిరా. ఎర్రదారం తెగిపోతే పసుపుది కట్టాను. ఏం ఇబ్బంది లేదుగా?" అన్నారు.

ఏం లేదన్నాను.