ఎస్క్రో అంటే ఏమిటి? - ఒక పెన్షనర్ అనుభవం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు నన్ను డి.ఆర్. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటె బాగా తెలిసినవారు ముందు వరసలోనే నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అందుచేత వారి అనుమతితో వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. 2024లో నా పెన్షన్ ఖాతా మూడు నెలల పాటు స్తంభించిపోయింది. అప్పట్లో మీలో కొందరు "ఏమైందండీ, ఏదో కేసట కదా" అని అడిగితే సిగ్గుపడి మాట దాటేశాను. ఇవాళ దాచకుండా చెబుతాను.

నేను 1973లో ఖజానా శాఖలో గుమస్తాగా చేరి 2010లో సీనియర్ అకౌంటెంటుగా పదవీ విరమణ చేశాను. ఇతరుల బిల్లుల మీద ఎర్ర సిరాతో అభ్యంతరాలు రాసి తిప్పి పంపిన చేయి ఇది. 2024 జులై 3వ తారీఖున మా ఇంటావిడ బి.పి. మాత్రలకు డబ్బు తీద్దామని ఏ.టి.ఎం.కు వెళితే కార్డు పనిచేయలేదు. బ్యాంకు లోపలికి వెళ్లి అడిగాను. కౌంటరులోని అమ్మాయి కంప్యూటరు చూసి, "తాతగారూ, మీ ఖాతా మీద సైబర్ పోలీసుల హోల్డు ఉందండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చింది. మా చేతిలో ఏమీ లేదు" అంది. ఖాతాలో లక్షా పన్నెండు వేలు ఉన్నాయి. అందులో ఒక్క రూపాయి కూడా నాది కాకుండా పోయింది. ఆ నెల పాలవాడికి, మందుల షాపుకి మా పక్కింటి రిటైర్డ్ ఆర్.టి.సి. కండక్టరు గారు చేబదులిచ్చి ఆదుకున్నారు.

సాయంత్రం విశాఖపట్నంలో ఉన్న మా పెద్దమ్మాయి కొడుక్కి ఫోను చేశాను. అటునుంచి కాసేపు మాట లేదు. తరువాత, "తాతయ్యా, మొన్న నీ అకౌంటులో 46 వేలు పడింది కదా, అదేమో" అన్నాడు. నెల క్రితం వాడు "నీ ఖాతాలో కొంత డబ్బు పడుతుంది, నాకు పంపించెయ్యి తాతయ్యా" అంటే, అడిగింది మనవడు కదా అని మారు మాట అడగకుండా పంపించేశాను. తప్పు అక్కడ మొదలైంది. అందులో నా వాటా కూడా ఉంది.

వాడు అమ్మింది యు.ఎస్.డి.టి. అనే క్రిప్టో నాణెం. క్రిప్టో గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇది చేత్తో పట్టుకునే నాణెం కాదు, కంప్యూటర్ల లెక్కల్లో ఉండే పద్దు. బిట్‌కాయిన్ అనేది వీటిలో మొదటిది. సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో 2008లో ఒక వ్యాసం రాశారు, 2009 జనవరి నుంచి నడుస్తోంది. మొత్తం 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి పుట్టవు. ఈ యు.ఎస్.డి.టి. అనేది అమెరికా డాలరుకు సరిసమానంగా ఉంచుతామని ఒక ప్రైవేటు కంపెనీ చెప్పి నడిపే నాణెం. మన దేశంలో ఇవి చెల్లుబాటు కరెన్సీ కావు. అలాగని నిషేధమూ లేదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో బ్యాంకులు ఈ వ్యాపారానికి సేవలు అందించరాదని సర్క్యులర్ ఇచ్చింది, సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దాన్ని కొట్టివేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ ఏడాది జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టి.డి.ఎస్. పెట్టారు. నష్టం వస్తే మరో ఆదాయంలో సర్దుకోనివ్వరు. పన్ను కడుతున్నాం కాబట్టి సర్కారు పూచీ ఉందనుకోకండి. బ్యాంకు డిపాజిట్టుకు ఉన్న 5 లక్షల బీమా దీనికి లేదు.

ఇక ఎస్క్రో. పేరు కొత్తగా ఉంది గాని సంగతి మనకు తెలిసినదే. నా చిన్నతనంలో మా నాన్నతో అలమండ సంతకు ఎద్దుల కోసం వెళ్లేవాణ్ణి. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం ఆడేవారు. బేరం కుదిరాక కూడా మా నాన్న సొమ్ము అమ్మినవాడి చేతిలో పెట్టేవాడు కాదు. కొత్త ఎద్దు నాగలికి కడితే పడుకుంటుందేమో, పొడుస్తుందేమో ఎవరికి తెలుసు? అందుకని రెండు ఊళ్లకూ తెలిసిన పెద్దమనిషి దగ్గర సొమ్ము ఉంచేవారు. వారం రోజులు దున్ని చూసి, బాగుందనుకుంటే ఆయన సొమ్ము అమ్మినవాడికి ఇచ్చేసేవాడు. పలాస జీడిపప్పు వ్యాపారులు సరుకు రైలుకెక్కించి, ఆర్.ఆర్. రసీదు కొన్నవాడి ఊరి బ్యాంకుకు పంపడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అక్కడ డబ్బు కడితేనే రసీదు చేతికి వచ్చేది, రసీదు ఉంటేనే సరుకు. పోస్టాఫీసు వి.పి.పి. కూడా ఆ కోవలోదే. ఎస్క్రో అంటే ఇదే. ఒకరినొకరు ఎరగని ఇద్దరి మధ్య, ఇద్దరూ నమ్మే మూడోవాడి దగ్గర సొమ్మో సరుకో ఉంచడం. గ్రాట్యుటీ పెట్టి విశాఖలో ఫ్లాటు కొనేవారికి కూడా ఇది పనికివస్తుంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం బిల్డరు విడి ఖాతాలో ఉంచి ఆ నిర్మాణానికే వాడాలి.

క్రిప్టోలో ఇది ఇలా జరుగుతుంది. మా వాడు నాణేలు అమ్ముతానని ఒక ఎక్స్ఛేంజిలో పెట్టాడు. ఎవరో కొంటానన్నారు. ఆ క్షణం నుంచి మా వాడి నాణేలకు ఎక్స్ఛేంజి తాళం వేస్తుంది. కొనేవాడు చెప్పిన గడువులో రూపాయలు నేరుగా అమ్మేవాడి బ్యాంకు ఖాతాకు పంపి "చెల్లించాను" అని నొక్కుతాడు. అమ్మేవాడు చూసుకుని "విడుదల" అని నొక్కితే తాళం తీసి నాణేలు కొనేవాడికి ఇస్తారు. తగాదా వస్తే నాణేలు తాళంలోనే ఉంచి ఎక్స్ఛేంజివారు ఇద్దరి కాగితాలూ చూస్తారు. ఆ సతోషి వ్యాసంలోనే కొనేవారి రక్షణకు ఎస్క్రో పద్ధతి సులువుగా పెట్టుకోవచ్చని ఒక మాట ఉందని మా మనవడు చూపించాడు.

ఇంకో పద్ధతి విన్నప్పుడు మాత్రం నాకు మా ఆఫీసు స్ట్రాంగ్ రూము గుర్తొచ్చింది. మన ట్రెజరీల్లో డబుల్ లాకు ఉండేది కదా. ఒక తాళంచెవి సబ్ ట్రెజరీ అధికారి దగ్గర, రెండోది షరాబు దగ్గర. ఒక్కడే వెళ్లి స్టాంపుల పెట్టె తీయలేడు. క్రిప్టోలో మూడు తాళంచెవులు చేస్తారు. కొనేవాడికొకటి, అమ్మేవాడికొకటి, మధ్యవర్తికొకటి. ఏ రెండు కలిసినా పెట్టె తెరుచుకుంటుంది. బేరం సవ్యంగా సాగితే మధ్యవర్తితో పనే లేదు. తగాదా వస్తే న్యాయం ఎవరి పక్కనుంటే వారితో కలిసి మధ్యవర్తి తాళం తీస్తాడు. అతడొక్కడే సొమ్ము పట్టుకుని పారిపోలేడు. ఇది నాకు నచ్చింది, ఖజానా వాణ్ణి గనుక నచ్చకేం చేస్తుంది.

అయితే తాళాలు ఎన్ని ఉన్నా సంతకం పెట్టేవాడు చదివి పెట్టాలి. నా ఖాతా ఆగిన ఆ జులై నెలలోనే, 18వ తారీఖున, వజీర్‌ఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల నాణేలు దొంగలు తరలించుకుపోయారు. మన లెక్కన దాదాపు 2 వేల కోట్ల రూపాయలు. అదీ పలువురి సంతకాలు ఉంటేనే తెరుచుకునే పెట్టే. ఆ సంస్థ ఇచ్చిన వివరణ ప్రకారం తెర మీద కనిపించింది ఒకటి, సంతకాలు పడింది మరొకటి. బిల్లు పైకాగితం చూసి లోపలి వోచర్లు చూడకుండా పాస్ చేసినట్టే.

ఇప్పుడు మా మనవడి బేరానికి వస్తాను. ఎస్క్రో సరిగ్గానే పనిచేసింది. నాణేలకు తాళం పడింది, 46 వేలు వచ్చాయి, తాళం తీశారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదనిపించింది. తిరకాసంతా ఆ 46 వేలలో ఉంది. అవి కొన్నవాడి సొమ్ము కావు. వేరే రాష్ట్రంలో ఎవరినో ఫోనులో బెదిరించి గుంజిన సొమ్ము. దొంగ ఆ రూపాయలను తన దగ్గర ఉంచుకోకుండా నాణేలు కొని మాయమయ్యాడు. సొమ్ము పోయిన మనిషి ఫిర్యాదు చేశాడు, పోలీసులు రూపాయి ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు నడిచిందో పట్టుకుంటూ వచ్చి నా పెన్షన్ దగ్గర ఆగారు. ఎస్క్రో నాణేనికి కాపలా కాస్తుంది. వచ్చిన రూపాయి ఎక్కడిదో అది చూడదు. సంతలో మధ్యవర్తి ఎద్దును చూసేవాడు, చేతిలో పెట్టిన నోటు ఎవరి ఇంట్లోంచి వచ్చిందో కూడా చూసేవాడు, ఎందుకంటే ఆయన ఇద్దరినీ ఎరుగును. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మా వాడు చేసిన తప్పులు రెండు. ఎక్స్ఛేంజిలో ఉన్న పేరు ఒకటి, డబ్బు పంపిన బ్యాంకు ఖాతా పేరు మరొకటి. అది చూసిన వెంటనే బేరం ఆపి డబ్బు పుచ్చుకోనని చెప్పవలసింది. రూపాయి ఎక్కువ రేటు వస్తోందని ఊరుకున్నాడు. రెండోది, తన ఖాతా బదులు నా ఖాతా నంబరు ఇచ్చాడు. అందుకే మనవి చేస్తున్నాను, మనవలైనా, అల్లుళ్లైనా, ఇంకెవరైనా సరే, "నీ ఖాతాలో కొంచెం డబ్బు వేయించుకో" అంటే ఒప్పుకోవద్దు. పిల్లలు కోప్పడతారు. కోప్పడనివ్వండి.

పెన్షనును జప్తు చేయరాదు గదా అని మీకు సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. 1871 నాటి పెన్షన్ల చట్టం 11వ సెక్షన్ పట్టుకుని వెళ్లాను. అది అప్పులవాడు సివిల్ కోర్టు ద్వారా చేయించే జప్తుకు అడ్డు. నేర పరిశోధనలో పోలీసులు ఆపేది వేరే అధికారం కింద, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 102, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్. ఆ తరువాత ఒక వకీలు గారు, కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లో పోలీసులు పేర్కొన్న మొత్తానికే హోల్డు పరిమితం చేయాలని బ్యాంకులను ఆదేశించిందని చెప్పారు. అది నాకు కొండంత ఊరట. వివాదం 46 వేల మీద గాని మొత్తం లక్షా పన్నెండు వేల మీద కాదు కదా.

బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఆ స్టేషను చిరునామా రాతపూర్వకంగా తీసుకున్నాను. నా పి.పి.ఓ. నకలు, ఆధార్, ఏడాది పాస్‌బుక్కు, మనవడి బేరం ఆర్డరు నంబరు, ఇద్దరి మధ్య నడిచిన సందేశాలు, నేను వాడికి పంపిన రుజువు, అన్నీ వరస నంబర్లు వేసి, ఒక కవరింగు లెటరు పెట్టి, ఈ-మెయిలులోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపాను. (ఆ రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. మన వయసు వస్తువులన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి.) జవాబు రాలేదు. పదిహేను రోజులకోసారి రిమైండరు పంపాను. అది మనకు వచ్చిన విద్యే. నాలుగో రిమైండరుకు అక్కడి ఉద్యోగి ఒకాయన ఫోను చేసి హిందీలో మాట్లాడాడు, మనవడు మాట కలిపాడు. అక్టోబరులో 46 వేలు మాత్రం ఆపి మిగతా ఖాతా విడిచిపెట్టారు.

ఆ 46 వేలు నా పెన్షన్ సొమ్ములోంచే ఆగాయి, వచ్చింది ఎప్పుడో వాడికి పంపేశాను గనుక. సొమ్ము పోగొట్టుకున్నది ఎవరని ఫోనులో అడిగాను. పేరు చెప్పలేదు గాని, "మీలాగే రిటైరైన మనిషి" అన్నాడు. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, "అయితే ఆయన డబ్బు ఆయనకి పోనివ్వండి" అంది. తరువాత అక్కడి కోర్టు ఉత్తర్వుతో ఆ మొత్తం ఆయనకు చేరిందని బ్యాంకువారు తెలిపారు. మనవడు నాకు నెలకు ఐదు వేల చొప్పున తీర్చాడు. వద్దనలేదు, పుచ్చుకున్నాను.

మీ పిల్లలు ఈ వ్యాపారం చేస్తూ ఉంటే వారిని ఇవి అడగండి. డబ్బు వచ్చిందని స్క్రీను ఫోటోనో, ఎస్.ఎం.ఎస్.నో చూసి విడుదల నొక్కుతున్నారా, లేక బ్యాంకు ఖాతా తెరిచి చూస్తున్నారా? ఆ రెండూ దొంగవి తయారు చేస్తారు. బేరాన్ని ఎక్స్ఛేంజి బయటికి, వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో రమ్మంటున్నారా? అక్కడ తాళమూ లేదు, మధ్యవర్తీ లేడు. "నేనే ఎస్క్రో ఏజెంటుని" అని టెలిగ్రామ్‌లో చెప్పుకునేవాడు చాలాసార్లు కొనేవాడి జతగాడే. రిటర్నులో ఈ లావాదేవీలకు విడిగా షెడ్యూలు ఉంది, అది నింపుతున్నారా? మా వాడు నింపలేదు, తరువాత సరిచేయించాను.

సొమ్ము పోయినవారు మాత్రం సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే 1930కి ఫోను చేయండి. గంటల్లో చేస్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఉంది. ఆ పెద్దాయన అలా చేశాడు గనుకే నా దగ్గర ఆగింది.

నేను పంపిన దరఖాస్తు నకలు, జతపరచిన కాగితాల జాబితా నా సంచిలో ఉన్నాయి. కావలసినవారు భోజనాల తరువాత గేటు దగ్గరి జిరాక్సు షాపులో తీయించుకోవచ్చు. కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు.