రోజుకు 38 మైక్రోసెకన్ల తేడా
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాయంత్రం ఇంటి నుంచి ఫోన్ చేసి "ఎన్నింటికి వస్తారు?" అని అడిగితే మనం చెప్పే జవాబు ఒకటే: "క్యాష్ ట్యాలీ అయ్యాక." పది రూపాయల తేడా ఉన్నా సీట్లోంచి లేవం. ఈరోజు ఆకాశంలో వచ్చే అలాంటి తేడా గురించి చెబుతాను.

పెళ్ళికి వెళ్తూ ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటాం కదా! దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో పరమాణు గడియారాలుంటాయి. సంకేతం ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు చేరిందో చూసి మన ఫోన్ దూరం లెక్కగడుతుంది.

ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం, వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. ఆ పద్దు కింద రోజుకు 7 మైక్రోసెకన్లు నష్టం. భూమి ఆకర్షణ తగ్గినచోట గడియారం త్వరగా నడుస్తుంది. ఆ పద్దు కింద 45 లాభం. నికరంగా 38 ముందుకు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షల వంతే. కానీ అంతలోనే కాంతి 300 మీటర్లు పోతుంది. ఒక్కరోజు దిద్దకుండా వదిలేస్తే దూరం లెక్కలో 11 కిలోమీటర్ల తేడా!

1977లో అమెరికా ఎన్‌టీఎస్-2 ఉపగ్రహంలో సీజియం గడియారాన్ని పంపింది. ఈ తేడా నిజంగా వస్తుందా అని కొందరికి సందేహం. అందుకే దిద్దుబాటు ఏర్పాటు అందులోనే ఉన్నా, 20 రోజులు ఆన్ చేయకుండా చూశారు. తేడా దాదాపు లెక్క ప్రకారమే వచ్చింది. ఇప్పుడైతే గడియారాన్ని ముందే కాస్త నెమ్మదిగా నడిచేలా సర్ది పంపుతున్నారు.

తెలిసిన తేడా అలా సర్దుకుంటుంది. గడియారమే మొరాయిస్తే? మన నావిక్ తొలి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ 2013లో వెళ్ళింది. దిగుమతి చేసుకున్న మూడు రుబీడియం గడియారాలూ ఒకదాని వెంట ఒకటి పాడయ్యాయి. దాంతో అది దారి చూపే పనికి అక్కరకు రాకుండా పోయింది. 2023 మే 29న వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన రుబీడియం గడియారం ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న తేడాను "రేపు చూద్దాం" అని సస్పెన్స్ ఖాతాలో పెట్టాను. ఆ ముడి విప్పడానికి మూడు వారాలు పట్టింది. తేడా రావడం తప్పు కాదు. ఎంత, ఎందుకు అని తెలిస్తే ఒక్క ఎంట్రీతో సరిపోతుంది. తెలుసుకోకుండా వదిలేస్తేనే అది పెరుగుతుంది.

పిల్లలూ, ఈసారి అమ్మో నాన్నో ఆలస్యంగా ఇంటికొస్తే కోప్పడకండి. "తేడా దొరికిందా?" అని అడగండి.

సెలవు.