టవర్ పడిపోయిన రోజు మాట ఎలా పంపాలి?

ముందు మీ ఫోన్‌లో సిగ్నల్ ఎన్ని గీతలుందో చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖలో చాలా ఫోన్లలో ఒక్క గీత కూడా లేదు. కరెంటు పోయింది, టవర్లు ఆగిపోయాయి. చేతిలో ఫోన్ ఉంది, పక్క వీధిలో అమ్మ ఉంది, కానీ "బాగున్నా" అని చెప్పడానికి దారి లేదు.

హామ్ రేడియోకి మధ్యలో టవర్ అక్కర్లేదు. ఒక సెట్టు, కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన 20 మీటర్ల తీగ ఉంటే చాలు. 7 మెగాహెర్ట్జ్‌లో పగటిపూట వందల కిలోమీటర్లు మాట్లాడొచ్చు.

2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారి హామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. వెళ్లింది హాబీ కోసమే, ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. 26న సునామీ వచ్చింది. అవే సెట్లతో అండమాన్ నుంచి మెయిన్‌ల్యాండ్‌కి కబుర్లు పంపారు. అప్పటికి రోజుల తరబడి ఆ గోలలో ఒక్కొక్క కాల్‌సైన్ పట్టుకుంటూ వాళ్ల చెవులు అలవాటుపడి ఉన్నాయి. నా దృష్టిలో ట్రైనింగ్ అంటే అదే.

"ఆన్‌లైన్‌లో సెట్టు కొనేస్తే సరిపోదా అన్నా?" అని అడుగుతారు. సరిపోదు తమ్ముడూ. లైసెన్స్ లేకుండా ఆ బటన్ నొక్కి మాట్లాడటం నేరం. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా రానక్కర్లేదు, భయపడకండి.

అసలు కష్టం తర్వాత ఉంటుంది. ఒక డ్రిల్‌లో నాకు "ఇరవై మందికి భోజనం కావాలి" అని మెసేజ్ వచ్చింది. ఆ గరగరలో నేను "అరవై" అని రాసుకున్నా. డ్రిల్ కాబట్టి నవ్వుకున్నాం. నిజం వరదలో అయితే? ఎక్కువ వెళ్లిన ఆ నలభై పొట్లాలు ఇంకో ఊళ్లో ఎవరో పస్తున్నవాళ్లవి. అందుకే ఇప్పుడు "ఇరవై, రెండు సున్నా" అని అంకెలు విడదీసి చెప్తాం. విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. ఊరి పేరుతో పాటు మండలం కూడా చెప్పాలి, మనకి కొత్తపేటలు ఎన్నో కదా!

ఇంకోటి, బటన్ నొక్కగానే మాట్లాడొద్దు. ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. నెట్ నడుస్తుంటే కంట్రోల్ స్టేషన్ పిలిచేదాకా నోరు మూసుకొని వినాలి. కొత్తవాళ్లకి ఇదే అన్నిటికంటే కష్టం. (నాకు ఇప్పటికీ కష్టమే.)

లైసెన్స్ వచ్చేలోపు ఇంట్లోనే ప్రాక్టీస్ చేయండి. ఫ్రెండ్‌ని పక్క గదిలో కూర్చోబెట్టండి, టీవీ సౌండ్ పెంచండి. పేరు, ఊరు, మండలం, ఎంతమంది, ఏం కావాలి అనే వివరాలతో 25 మాటల్లో ఒక మెసేజ్ గోడ అవతలికి చెప్పండి. వాడు రాసుకున్నదాన్ని మీ కాగితంతో పోల్చి, ఎన్ని తప్పులొచ్చాయో కామెంట్స్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ తీగ కట్టి చూపిస్తా.